కరపత్రం నుంచి క్యాసెట్ దాకా: డెల్టా గ్రంథాలయంలో నాటకాల చరిత్రను దాచే పద్ధతి

గోదావరి డెల్టాలో నాటకాల చరిత్ర చాలావరకు ఇంకా ట్రంకుపెట్టెల్లోనే ఉంది. హార్మోనిస్టు ఇంట్లో పద్యాల నోట్‌బుక్కులు, డ్రెస్సుల కంపెనీ అటక మీద ఫోటో ఆల్బమ్‌లు, తీర్థం కమిటీ పెద్ద దగ్గర జమాఖర్చుల పుస్తకాలు, మూతపడిన ప్రింటింగు ప్రెస్సులో కరపత్రాల నమూనాలు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం వేయించిన సంగతి పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ తరవాత నూరేళ్లకు పైగా కోటిపల్లి తీర్థంలోనూ అంతర్వేది దారిలోనూ తెల్లవార్లూ ఆడిన పద్యనాటకాల సంగతి ఎక్కలేదు. దాన్ని దాచడానికి పెద్ద భవనం అక్కర్లేదు. శాఖా గ్రంథాలయంలో ఒక గది మూల, రెండు బీరువాలు, ఓపికున్న ఇద్దరు మనుషులు ఉంటే మొదలుపెట్టొచ్చు.

చాలామంది ముందు స్కానర్ కొంటారు. ముందు కొనాల్సింది పెన్సిళ్లు, ఒక గట్టి అట్ట రిజిస్టరు. ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది రాసి లేని ఫోటోను ఎంత బాగా స్కాన్ చేసినా అది కిరీటం పెట్టుకున్న ఎవరో ఒకాయన ఫోటోయే. ఆ పేరు చెప్పగలిగిన మనిషికి ఎనభై దాటి ఉంటాయి.

ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి

కరపత్రాలు, వాల్‌పోస్టర్లు, టిక్కెట్లు, నాటక పరిషత్తుల సావనీర్లు, నటుడు తన పాత్ర పద్యాలూ మాటలూ రాసుకున్న రోల్ పుస్తకాలు, నాటకం కుదిర్చే కాంట్రాక్టరు రాసిన ఉత్తరాలు, ఫోటోలు, నెగెటివ్‌లు, గ్రామఫోన్ రికార్డులు, క్యాసెట్లు తీసుకోండి. నాటకాలతోనే ఆపకండి. తలమీద కుండలతో ఆడే గరగలు, ద్రాక్షారామం వైపు వీరనాట్యం, బుర్రకథ దళాలు, కపిలేశ్వరపురం హరికథా పాఠశాలలో నేర్చుకుని ఊళ్లు తిరిగినవాళ్ల కార్యక్రమ పత్రాలు కూడా ఇందులోకే వస్తాయి.

అందరూ చిన్నచూపు చూసేది జమాఖర్చుల పుస్తకం. పెట్రోమాక్స్ లైట్ల అద్దె, పడవ కిరాయి, హార్మోనీకి ఇంత, తబలాకి ఇంత, కృష్ణుడికి ఇంత అని తారీఖుతో సహా అందులోనే ఉంటుంది. కరపత్రం మీద పేరు వేసిన నటుడు ఆ రాత్రి నిజంగా వచ్చాడో లేదో కూడా చాలాసార్లు ఆ పుస్తకమే చెబుతుంది. షీల్డులు, శాలువాలు మాత్రం మర్యాదగా వద్దనండి. షీల్డు మీది అక్షరాలు ఫోటో తీసుకుని వెనక్కి ఇచ్చేయవచ్చు. కిరీటాలు, భుజకీర్తులు మ్యూజియం సరుకు, పుస్తకాల బీరువాలో ఇమడవు. తోలుబొమ్మలు ఎవరైనా ఇస్తే చుట్టి పెట్టకండి. బల్లపరుపుగా, బొమ్మకీ బొమ్మకీ మధ్య ఉతికిన గంజి లేని నూలుగుడ్డ వేసి ఉంచండి. మెరుపు కోసం నూనె రాస్తే దుమ్ము అంటుకుని, రంగు కదులుతుంది.

తీసుకున్న ప్రతిసారీ ఒక పేజీ దానపత్రం రాయించుకోవాలి. అందులో నాలుగు సంగతులు ఉంటే చాలు: ఇచ్చినది శాశ్వతంగానా లేక స్కాన్ చేసి తిరిగివ్వడానికా, కాపీ చేసి ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా, ఉత్తరాల్లో ఇంటి విషయాలుంటే ఎన్నేళ్లు మూసి ఉంచాలి, అన్నదమ్ముల్లో ఇంకెవరికైనా హక్కుందా. ఆఖరిది అడగకపోతే, ఆర్నెల్లకు రెండో తమ్ముడు వచ్చి నాన్నగారి పుస్తకాలు ఇమ్మంటాడు.

మొదటి రోజు

వచ్చిన పెట్టెను నేరుగా బీరువాలో పెట్టకూడదు. దాంతోపాటు చెదలూ బూజూ వస్తాయి. వేరే గదిలో తెల్ల కాగితం పరిచి దాని మీద పెట్టి, పది రోజులు చూడండి. కాగితం మీద సన్నటి పొడి గానీ గోధుమరంగు గింజల్లాంటి రెట్ట గానీ కనిపిస్తే పురుగు బతికే ఉందని అర్థం. అప్పుడు కాగితాలను మందపాటి పాలిథిన్ సంచిలో గాలి పిండేసి, టేపుతో మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. విప్పితే మన గాలిలోని చెమ్మ చల్లటి కాగితం మీద నీళ్లై కూర్చుంటుంది. ఫోటోలు, రికార్డులు, క్యాసెట్లు ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

పెట్టె విప్పేటప్పుడు లోపల ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌తో పొర పొరకీ ఫోటో తీయండి. ఆ వరస చెదరగొట్టి నాటకాల పేర్ల ప్రకారం సర్దేయాలని చెయ్యి లాగుతుంది. సర్దకండి. తేదీ లేని కరపత్రం తేదీ ఉన్న రెండు ఉత్తరాల మధ్య దొరికితే, అది ఏ కాలానిదో చెప్పే మొదటి ఆధారం ఆ చోటే.

తరవాత నంబరు. ఏడాది, ఆ ఏడాదిలో ఎన్నో దానం, అందులో ఎన్నో వస్తువు: 2025-014-003. దీన్ని కాగితం వెనక కింది మూల 2బి పెన్సిల్‌తో తేలిగ్గా రాయాలి. బాల్‌పెన్ చెమ్మకు ఊరి ముందుకు దిగుతుంది. గ్రంథాలయం రబ్బరు స్టాంపు ముందువైపు అసలే కొట్టొద్దు. ఫోటోల వెనక నొక్కి రాస్తే ఎదురుమొహం మీద గాడి తేలుతుంది, అంచు దగ్గరే రాయండి.

ఏడు లేని కరపత్రానికి ఏడు కట్టడం

పాత కరపత్రాల్లో తేదీ, వారం ఉంటాయి, సంవత్సరం ఉండదు. వచ్చే శనివారం నాటకానికి ఏ ఏడో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. ఉదాహరణకు గులాబిరంగు పల్చటి కాగితం మీద ఇలా ఉందనుకోండి: “ది. 26-2 సోమవారం, మహాశివరాత్రి పర్వదినమున, రాత్రి 9 గంటలకు.” ఫిబ్రవరి 26 సోమవారం అయిన సంవత్సరాలు 1940, 1945, 1951, 1962, 1968, 1973, 1979. వీటిలో శివరాత్రి సరిగ్గా ఆ రోజు పడింది 1968లోనే. మిగతా ఏళ్లలో మార్చిలోనో, ఫిబ్రవరి ఇంకో తేదీనో వచ్చింది. కరపత్రంలో ఎక్కడైనా “ప్లవంగ నామ సంవత్సర” అని ఉంటే ఇక సందేహమే లేదు. 1967 ఉగాది నుంచి 1968 ఉగాది దాకా నడిచింది ప్లవంగే. సంవత్సరం పేరు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి పేరొక్కటే చాలదు, వారంతో కలిపి చూడాలి. పాత పంచాంగాలు దొరక్కపోతే, వెనక్కి లెక్కగట్టే పంచాంగం సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. తిథి ఒక రోజు అటూ ఇటూ కావచ్చని మాత్రం గుర్తుంచుకోండి.

పండగ పేరు లేకపోతే వేరే ఆనవాళ్లు వెతకాలి. టిక్కెట్టు అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. “నయాపైసలు” అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. అయితే జనం నోట్లో అణాలు చాలా కాలం ఆడాయి, చిన్న ప్రెస్సులూ అలాగే అచ్చేశాయి, కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. “గోదావరి జిల్లా” అని మాత్రమే ఉంటే 1925కు ముందుది కావచ్చు, ఆ ఏడే దాని పేరు తూర్పు గోదావరిగా మారింది, పశ్చిమ గోదావరి కృష్ణా జిల్లాలోంచి ఏర్పడింది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తరవాతది. అట్టడుగున చీమతలంత అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, ఊరు వదలకండి. అచ్చువేసినవారి పేరు వేయాలని 1867 నాటి చట్టమే చెప్పింది, అందుకే దాదాపు ప్రతి కరపత్రం మీదా అది ఉంటుంది. ఒక ప్రెస్సు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా నడిచిందో తెలిస్తే వందల కరపత్రాలకు ఒక్కసారే హద్దులు దొరుకుతాయి.

ఇలా కట్టిన సంవత్సరాన్ని రిజిస్టరులో చదరపు బ్రాకెట్లలో రాసి, ఎలా కట్టారో పక్కన ఒక వాక్యం చేర్చండి. కాగితం మీద ఉన్నదానికీ మనం తేల్చినదానికీ తేడా తెలియాలి.

రిజిస్టరులో ఏం రాయాలి

నాటకం పేరు, ఆడిన ఊరు, స్థలం, తేదీ, సమాజం పేరు, కాంట్రాక్టరు, హార్మోనీ, తబలా, డ్రెస్సులు, మేకప్, సీనరీ, లైట్లు, టిక్కెట్టు ధర, ప్రెస్సు. పాత్రధారుల దగ్గరే చిక్కు. పద్యనాటకంలో ఒక్క రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉంటారు. ఒకాయన పడక సీనుకు, ఇంకొకాయన రాయబారానికి. “కృష్ణుడు” అని ఒకే గడి పెట్టి ఒకే పేరు రాస్తే మిగతావాళ్లు చరిత్రలోంచి జారిపోతారు. పాత్ర, సీను, నటుడు అని మూడు గడులు పెట్టి, మనిషికో వరస రాయండి. స్త్రీ పాత్ర వేసిన మగవాళ్ల పేర్లను ఆడపేర్లుగా దిద్దే పొరపాటు కూడా తరచు జరుగుతుంది.

ఒకే మనిషి పేరు ఒక కరపత్రంలో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో ఊరి పేరుతో, మరోదాంట్లో బిరుదుతో ఉంటుంది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మీరు స్థిరపరిచిన పేరు ఇంకో గడిలో రాయండి. అచ్చుతప్పు కనబడినా మొదటి గడిలో దిద్దొద్దు. నటుడికి వేసిన “ఆంధ్ర”, “అభినవ” బిరుదులన్నీ అలాగే ఎక్కించండి, ఏ ఏడు నుంచి ఏ బిరుదు వాడారన్నది తేదీలు తేల్చడానికి పనికొస్తుంది.

కాగితం

అన్నిటికంటే పెద్ద శత్రువు ప్రేమతో వేసిన సెలోటేపు. ఏళ్లు గడిచాక ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు మాత్రం పసుపుపచ్చ మరకై కాగితంలోకి దిగుతుంది. ఊడదీయడానికి ప్రయత్నిస్తే పైపొర లేచి అక్షరాలు పోతాయి. నేర్చుకున్నవాళ్లు దొరికేదాకా అలాగే వదిలేయండి, కొత్తగా మాత్రం వేయకండి. లామినేషన్ అంతకన్నా చెడ్డది. వేడితో ఆ ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతుంది, మళ్లీ రాదు.

తుప్పుపట్టిన గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు తీసేయాలి. లాగకండి. పిన్ను కాళ్లను సన్నటి మొండి కత్తితో నిలబెట్టి, కాగితం వెనక పోస్టుకార్డు ముక్క ఆనించి పైకి తీయండి. దుమ్ము దులపడానికి మెత్తటి వెడల్పు కుంచె, మధ్యనుంచి బయటికి. మడతలు విప్పేటప్పుడు పెళుసుగా ఉంటే ఆపేయండి. ఆ కాగితాన్ని తడి స్పాంజి పెట్టిన మూత డబ్బాలో, నీళ్లు తగలకుండా జాలీ మీద నాలుగైదు గంటలు ఉంచితే మెత్తబడుతుంది. తరవాత బ్లాటింగు కాగితాల మధ్య, తేలిక బరువు కింద ఆరనివ్వాలి. ఎరుపు, గులాబి కరపత్రాల రంగు చెమ్మకే దిగుతుంది, వాటికి ఈ పని ముందు ఒక మూల చూసి చేయండి.

చిరుగులకు బైండింగువాళ్ల మైదా జిగురు వాడొద్దు. పురుగు రాకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అందులోని రాగి కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. గోధుమ గంజితోనో మిథైల్ సెల్యులోజ్ అనే జిగురుతోనో, జపనీస్ టిష్యూ అనే సన్నటి కాగితం అంటించాలి. ఒక్కో కరపత్రాన్ని ఆమ్లం లేని కాగితపు మడతలోనో, మైలార్ అనే పాలియెస్టర్ కవరులోనో పెట్టండి. స్టేషనరీ షాపు ప్లాస్టిక్ ఫోల్డరు ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త చెప్పుల వాసన వస్తే అది పీవీసీ, పనికిరాదు. కట్టలు రబ్బరుబ్యాండుతో కాదు, తెల్ల నూలు నాడాతో కట్టండి.

రికార్డులు, క్యాసెట్లు

78 వేగం రికార్డులు లక్క సరుకు. స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి, తుడవడానికి డిస్టిల్డ్ వాటరు, దానిలో ఒక చుక్క మెత్తటి డిటర్జెంటు చాలు, లేబుల్ తడవకూడదు. నిలువుగా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువుకు పగుళ్లిస్తాయి. ఎల్పీ ముల్లుతో వినిపిస్తే ముల్లు గాడి అడుగున పొర్లుతూ బరబరమంటుంది. 78కి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు వేరే దొరుకుతుంది. వేగం కూడా నమ్మరానిదే, పాత రికార్డుల్లో అన్నీ సరిగ్గా 78 కావు. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి హార్మోనీ మీద ఒక మెట్టు పైకెక్కుతుంది. పక్కన శ్రుతి సరిచూసిన హార్మోనీ పెట్టుకుని, రికార్డులోని హార్మోనీ ఏదో ఒక మెట్టు మీద సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడండి. ఒక మెట్టు తేడా వస్తే మనుషుల గొంతు స్వభావాన్ని బట్టి తేల్చాలి, అందుకే పాత హార్మోనిస్టును పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది.

క్యాసెట్లలో ఎక్కువ భాగం తీర్థాల్లో మైకుసెట్టు పక్కన పెట్టి రికార్డు చేసుకున్నవి. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడి ఉంటే బూజు. దాన్ని డెక్‌లో పెడితే తరవాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. బాగున్నవాటికి ముందు పై మూల చెవులు విరిచేయండి, పొరపాటున చెరిగిపోకుండా. తరవాత ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకసారి చుట్టి, వెనక్కి చుట్టండి. డెక్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రతి క్యాసెట్‌కీ హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూ తిప్పుతూ తాళం చప్పుడు ఎక్కడ స్ఫుటంగా వినబడితే అక్కడ ఆపండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలుగా తీస్తే గంటకు స్టీరియో 2 జీబీ అవుతుంది. హిస్ (టేపు బుస) తీసేసే బటన్ నొక్కకండి. దాంతో కంజిర చప్పుడూ, వన్స్‌మోర్ కేకలూ కూడా పోతాయి. శుభ్రం చేసిన కాపీ కావాలంటే వేరే చేసుకోవచ్చు.

స్కానింగు, కాపీలు, హక్కులు

కరపత్రాలు 400 డీపీఐ, చిన్న ఫోటోలు 600, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. ఏ4 కాగితం 400 దగ్గర సుమారు 46 ఎంబీ. వెనకవైపు ఖాళీగా ఉన్నా స్కాన్ చేయండి, అక్కడ కూరగాయల లెక్కో, రిహార్సల్ తారీఖో ఉంటుంది. వాల్‌పోస్టర్లు ముక్కలుగా స్కాన్ చేసి అతికించకండి. గోడకు ఆనించి, రెండు వైపులా 45 డిగ్రీల్లో లైట్లు పెట్టి కెమెరాతో తీయండి. ఫైలు పేరు వస్తువు నంబరే, నాటకం పేరు పెడితే స్పెల్లింగుకో ఫైలు తయారవుతుంది.

మూడు కాపీలు ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో. ఆ వేరే ఊరు అమలాపురానికి ముమ్మిడివరం కాకూడదు. ఒకే వరదకు రెండూ చిక్కుతాయి. పెద్దాపురం లాంటి మెట్ట ఊరు చూసుకోండి. ఆర్నెల్లకోసారి చెక్‌సమ్‌లు, అంటే ఫైలు చెడిందో లేదో చెప్పే అంకెలు, సరిచూడాలి. హార్డ్‌డిస్కు బీరువాలో ఉన్నంత మాత్రాన ఫైళ్లు బాగున్నట్టు కాదు.

రచయిత పోయిన ఏడాది తరవాత 60 ఏళ్లు నిండితే రచన అందరిదీ అవుతుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1946లో పోయారు కనుక ఆయన నాటకాలు 2007 జనవరి నుంచి స్వేచ్ఛగా పెట్టుకోవచ్చు. రికార్డులకు విడుదలైన ఏడాది తరవాత 60 ఏళ్లు. హక్కులు ఇంకా ఉన్నవాటిని కూడా, అసలు ప్రతి మీ దగ్గరుంటే, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం భద్రత కోసం డిజిటల్ కాపీ తీసుకోవచ్చని 2012 సవరణ చెబుతుంది. తీసుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. 2022 జనవరిలో ప్రదర్శన నిషేధించిన చింతామణి కరపత్రాలు, రోల్ పుస్తకాలు వస్తే మొహమాటం లేకుండా తీసుకోండి. ఆ నిషేధం ప్రదర్శన మీద పెట్టింది. దాని వెనక ఏముందో రేపు తెలుసుకోవాలన్నా ఈ కాగితాలే దిక్కు.

చెమ్మ, వరద

బూజు పుట్టడానికి గాలిలో తేమ 65 శాతం దాటితే చాలు, మన దగ్గర వర్షాకాలమంతా అంతకు పైనే. గదిలో ఒక డిజిటల్ తేమ మీటరు పెట్టి రోజూ రెండుసార్లు రాయండి. పగలు ఏసీ వేసి సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆపేయడం అసలు ఏసీ లేనిదానికన్నా చెడ్డది. చల్లబడిన బీరువా మీదికి రాత్రి తడిగాలి చేరి చెమటపడుతుంది. ఏసీ కన్నా చెమ్మ లాగే డీహ్యూమిడిఫయర్ నయం. అదీ కుదరకపోతే బీరువాలు గోడకు జానెడు దూరంలో, నేలకు అడుగు ఎత్తులో పెట్టి, సంక్రాంతి రోజుల పొడిగాలిలో మధ్యాహ్నం కిటికీలు తెరిచి, జూన్ నుంచి మూసి ఉంచండి. క్యాసెట్లకు రబ్బరు అంచు మూత ఉన్న 20 లీటర్ల డబ్బా, అందులో 100 గ్రాముల సిలికా జెల్, రంగు మారగానే వేయించి మళ్లీ వేయాలి. తోలుబొమ్మలకూ తాళపత్రాలకూ ఇది వద్దు, ఎండి బీటలిస్తాయి.

వరదకు ధవళేశ్వరం బ్యారేజీ అంకెలే గంట. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక వస్తే కింది అరలు ఖాళీ చేయండి. 13.75కి రెండోది వస్తే పెట్టెలన్నీ మేడ మీదికి, రిజిస్టరు మీ ఇంటికి. 17.75 మూడోది వచ్చాక కాజ్‌వేలు మునిగి ఉంటాయి, అప్పుడు వెళ్లి చేసేదేమీ ఉండదు. ఏ పెట్టె ముందు మోయాలో ఎండాకాలంలోనే పెట్టె మీద ఎర్ర చుక్క పెట్టండి. ఒకే ప్రతి ఉన్న రోల్ పుస్తకాలు ముందు, అచ్చు పుస్తకాలు ఆఖరున.

తడిసిన కాగితానికి 48 గంటలే గడువు, ఆపైన బూజు మొదలవుతుంది. ఎండలో ఆరబెట్టకండి. నీడలో, ఫ్యాన్ కింద, అచ్చు లేని తెల్ల కాగితాలు మధ్య మధ్య పెట్టి మారుస్తూ ఉండాలి. నున్నటి ఆర్టుపేపరు సావనీర్లు తడి ఆరేలోపే పేజీ పేజీ విడదీయాలి, ఆరాక ఒక్క ఇటుకై కూర్చుంటాయి. చేయి చాలనంత తడిస్తే గడ్డకట్టించి పెట్టుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా ఆరబెట్టుకోవచ్చు. మైనస్ 18 గదులు రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో ఉంటాయి, భీమవరం, కాకినాడ వైపు వాటికి కొదవలేదు. వానలు పడకముందే ఒక ప్లాంటు మేనేజరుతో మాట్లాడి పెట్టుకోండి. సంచులు రెండు పొరలుగా మూయకపోతే సత్యహరిశ్చంద్రుడు నెలల తరబడి రొయ్యల వాసనేస్తాడు.